ఏ కంటికి ఏ ఆపరేషన్

బిచ్కుంద కామారెడ్డి జిల్లాకు పశ్చిమ కొసన, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ ఒకరి కంటికి ఆపరేషన్ అవసరమని తేలితే పోవడానికి దారులు చాలానే ఉన్నాయి. బాన్సువాడ మీదుగా నిజామాబాద్ పోవచ్చు, పిట్లం వైపు వెళ్లి జాతీయ రహదారి ఎక్కితే హైదరాబాద్ చేరవచ్చు, మద్నూర్ దాటి దెగ్లూర్, నాందేడ్ పోవచ్చు. దారికో మాట వినిపిస్తుంది. ఒకచోట కుట్లు లేకుండా లేజర్‌తో చేస్తామంటారు, ఇంకోచోట విదేశీ లెన్స్ వేస్తామంటారు, మరోచోట పైసా తీసుకోమంటారు. ఇంటికొచ్చాక చర్చ మాత్రం ఒక్కటే: వీటిలో ఏది మంచి ఆపరేషన్? ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది, ఆ ప్రశ్నకు జవాబు లేదని. ఆపరేషన్ తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. కంటిలో ఏ భాగం చెడింది, ఆ మనిషి చూపుతో బతుకుతెరువు పని ఏం చేస్తాడు, ఆపరేషన్ అయ్యాక ఎన్నిసార్లు తిరిగి ఆసుపత్రికి రాగలడు అన్న మూడు సంగతులు కలిస్తేనే ఒక పద్ధతి ఒకరికి సరిపోతుంది. యంత్రం ఖరీదు, లెన్స్ పుట్టిన దేశం వీటి తర్వాత చూసుకోవాల్సినవి.

చూపు ఎందుకు పోతోంది

మొదట జబ్బుల లెక్క చూద్దాం. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ తిరిగి పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించారు. వాళ్లలో 1.84 శాతం మందికి చూపు లేదని తేలింది. అందులో 44 శాతం శుక్లం వల్ల, 16.3 శాతం కళ్ళద్దాలు లేకపోవడం వల్ల, 10.9 శాతం రెటీనా (కంటి వెనకి తెర) జబ్బుల వల్ల, 8.2 శాతం నీటికాసుల (గ్లాకోమా) వల్ల, 7.1 శాతం కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మచ్చల వల్ల. ఈ లెక్కలో రెండు పాఠాలున్నాయి. చూపు పోయిన ఆరుగురిలో దాదాపు ఒకరికి కత్తితో పనే లేదు, సరైన నంబరు అద్దాలు చాలు. కాబట్టి ఏ ఆపరేషన్ అని అడగడానికి ముందు, అసలు ఆపరేషన్ కావాలా అని అడగాలి. ఇక శుక్లం ఎంత పెద్ద కారణమైనా, సగానికి పైగా అంధత్వం దానివల్ల వచ్చింది కాదు. చూపు మసకబారిన ప్రతి ముసలి కంటినీ మోతిబిందు, అంటే శుక్లం అనుకుని శిబిరానికి తీసుకెళ్తే మిగతా జబ్బులు చేయి దాటిపోతాయి.

2015-19 మధ్య దేశమంతటా 50 ఏళ్లు దాటిన వాళ్ల మీద జరిగిన సర్వే కొలతలు వేరు కనుక ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. కానీ అందులో ఒక అంకె దగ్గర ఆగాలి. అంధత్వానికి వైద్యం అందని శుక్లం 66.2 శాతం కారణమైతే, కార్నియా మచ్చలు 8.2 శాతం, ఆ వెంటనే 7.2 శాతంతో శుక్లం ఆపరేషన్‌లో తలెత్తిన చిక్కులే కారణం. చూపు తెప్పించడానికి చేసిన పనే చూపు పోవడానికి మూడో పెద్ద కారణమైంది. ఆపరేషన్ల సంఖ్య పెంచితే చాలుననే వాదనకు ఈ ఒక్క అంకే అడ్డు నిలుస్తుంది. ఎవరికి ఏది, ఎప్పుడు, ఏ పరీక్షల తర్వాత అన్నది తేలకుండా చేసిన ఆపరేషన్ లెక్కలో ఒకటిగా చేరుతుందే తప్ప కంటికి చేరదు.

శుక్లం: రెండు పద్ధతులు, ఒక అపోహ

కంటిపాప వెనక ఉండే సహజమైన కటకం వయసుతో మసకబారడమే శుక్లం. ఎండ, పొగాకు, షుగరు, స్టెరాయిడ్ మందులు దాన్ని తొందర చేస్తాయి. చుక్కల మందుతో అది కరగదు, మసకబారిన కటకాన్ని తీసేయడమొక్కటే దారి. 1747లో ఫ్రాన్స్‌లో జాక్ డేవియల్ దాన్ని కంటి నుంచి బయటికి తీసి చూపించాడు. అయితే కటకం పోయిన కంటికి ప్లస్ 10 దరిదాపుల్లో మందపాటి అద్దాలు పెట్టాలి. పొలంలో ఆ అద్దాలు పగిలితే మనిషి మళ్లీ గుడ్డివాడే. యుద్ధ విమానాల కిటికీ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని తట్టుకోవడం గమనించిన హెరాల్డ్ రిడ్లీ, 1949లో లండన్‌లో అదే రకం యాక్రిలిక్‌తో చేసిన లెన్స్‌ను కంటిలోపలే అమర్చాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్, కటకాన్ని అతిధ్వని తరంగాలతో పొడిచేసి పీల్చేసే ఫేకో పద్ధతి తెచ్చాడు. మన దేశంలో లెన్స్ ధర సామాన్యుడికి అందేలా దిగింది 1992లో మదురైలో అరవింద్ ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్‌ను ప్రారంభించాకే.

నేడు మన చుట్టుపక్కల జరిగేవి ముఖ్యంగా రెండు పద్ధతులు. ఫేకోలో కోత మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, యంత్రం కటకాన్ని లోపలే ముక్కలు చేస్తుంది, మడత లెన్స్ ఆ సన్నని దారిలోంచే లోపలికి పోతుంది. చిన్న కోత పద్ధతిలో తెల్లగుడ్డు మీద ఆరేడు మిల్లీమీటర్ల కోత ఏటవాలుగా సొరంగంలా పెట్టి, కటకం గట్టి భాగాన్ని ముక్కలు చేయకుండా బయటికి తీస్తారు. సొరంగం తనంతట తాను మూసుకుంటుంది కనుక దీనికీ మామూలుగా కుట్లు అక్కర్లేదు. జనం లేజర్ ఆపరేషన్ అంటున్నది చాలాసార్లు ఫేకోనే, అందులో పని చేసేది లేజర్ కాదు, అతిధ్వని. నిజంగా లేజర్ వాడే ఫెమ్టోసెకండ్ పద్ధతి కూడా ఉంది. దాన్ని మామూలు ఫేకోతో పోల్చిన ఫ్రాన్స్ పరిశోధన 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చూపులో అదనపు లాభం కనబడలేదు, ఖర్చు మాత్రం పెరిగింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. పట్నంలో డబ్బున్నవాడికి ఫేకో చేసి, పల్లెలో పేదవాడికి చిన్న కోతతో సరిపెట్టడం రెండో తరగతి వైద్యం కాదా? ఈ అనుమానం ఊరికే కొట్టిపారేయదగ్గది కాదు, సాక్ష్యంతో తేల్చుకోవాల్సింది. నేపాల్‌లో కంటి డాక్టర్ సందుక్ రుయిత్ బృందం 108 మంది మీద రెండు పద్ధతులనూ పోల్చి 2007లో ఫలితాలు ప్రకటించింది. ఆరు నెలలకు రెండు వర్గాల్లోనూ 98 శాతం మందికి, అద్దాల సాయంతో, 6/18 లేదా అంతకంటే మెరుగైన చూపు వచ్చింది. అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి పోల్చే అక్షరాన్ని వాళ్లు కనీసం 6 మీటర్ల నుంచి పోల్చగలిగారు. చిన్న కోతకు సగటున 9 నిమిషాలు పడితే ఫేకోకు పదిహేను నిమిషాలకు పైగా పట్టింది. మనకు మరింత దగ్గరి సాక్ష్యం 2005 నాటి పుణే అధ్యయనం. 400 మందిలో ఆరు వారాలకు అద్దాలు లేకుండా ఆ స్థాయి చూపు వచ్చినవారు ఫేకోలో 81 శాతం, చిన్న కోతలో 71 శాతం. అద్దాలు పెట్టి చూస్తే రెండింటిలోనూ 98 శాతం దాటారు. పెద్ద కోత కార్నియా వంపును కాస్త మారుస్తుంది కనుక అద్దాల అవసరం పెరుగుతుంది. ఇది నిజమైన తేడానే, దాచాల్సిన పని లేదు. కానీ ఆ తేడా అద్దాలతో పూడేదని కూడా అదే సాక్ష్యం చెబుతోంది. అందువల్ల చిన్న కోత చేసి, ఆరు వారాల తర్వాత అద్దాలు ఇవ్వకుండా పంపేస్తే అప్పుడది నిజంగానే రెండో తరగతి వైద్యం అవుతుంది. తక్కువతనం కోతలో ఉండదు, సగంలో వదిలేయడంలో ఉంటుంది.

పైగా పల్లె కళ్ళలో ఒక ప్రత్యేకత ఉంది. ముదరాలి, ముదిరితేనే తీస్తారు అన్న పాత మాటను నమ్మి ఏళ్ల తరబడి ఆగడం వల్ల కటకం గోధుమ రంగుకు తిరిగి గట్టిబడిపోతుంది. అలాంటి గట్టి కటకాన్ని ముక్కలు చేయడానికి ఎక్కువ శక్తి వాడాలి. ఆ వేడి, ఆ కదలిక కార్నియా లోపలి పొరలోని కణాలను దెబ్బతీయవచ్చు. చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 ఉండే ఆ కణాలు పోతే మళ్లీ పుట్టవు, మరీ తగ్గితే కార్నియా ఉబ్బి తెల్లబడుతుంది. బాగా ముదిరిన శుక్లానికి, అనుభవం ఉన్న చేతుల్లో, చిన్న కోతే మెరుగైన ఎంపిక కావచ్చు. మెత్తగా ఉన్న తొలిదశ శుక్లానికి, ముఖ్యంగా దూరం, దగ్గర రెండూ స్పష్టంగా కావలసిన ఉద్యోగికి, ఫేకో నప్పుతుంది. ముదిరేదాకా ఆగాలన్న నియమం పూర్వకాలపు పద్ధతికి చెందింది. ఇప్పుడు అది ప్రమాదకరం కూడా, ఎందుకంటే మరీ ముదిరిన కటకం కరిగి కంటిలో ఒత్తిడి పెంచి, నొప్పితో చూపును శాశ్వతంగా తీసుకుపోగలదు. చలికాలంలోనే చేయించుకోవాలన్న పట్టింపుకూ ఆధారం లేదు. ఉన్న పట్టింపల్లా దుమ్ము, చెమట, పొలం నీళ్లు కొన్ని వారాలు కంటికి తగలకుండా చూసుకోవడమే. పత్తి ఏరేటప్పుడో, సోయా నూర్పిడి నడుమో కాకుండా పని తెరిపి ఉన్న రోజుల్లో పెట్టుకోవడం తెలివైన పని.

లెన్స్ విషయంలో అడగాల్సిన ప్రశ్న ధర గురించి కాదు, పని గురించి. ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు కొలుస్తారు. అది సుమారు 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది, కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పు దొర్లితే అద్దాల నంబరు రెండున్నర, మూడు దాకా తేడా పడుతుంది. అంత సున్నితమైన ఈ కొలతే ఖరీదైన లెన్స్ కంటే చూపును ఎక్కువ నిర్ణయిస్తుంది. మామూలు లెన్స్ ఒకే దూరానికి స్పష్టత ఇస్తుంది. ఆ దూరం ఏదన్నది ముందే నిర్ణయించుకోవచ్చు. పొలం పనికి, పశువులు కాయడానికి దూరపు చూపు కావాలి. నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతంలో వేల మంది ఆడవాళ్లు చేసే బీడీల పనికి, కుట్టుపనికి చేతి దూరంలోని చూపు కావాలి. బీడీలు చుట్టే ఆమెకు లెన్స్ దగ్గరికి కుదిర్చి, దూరానికి అద్దాలివ్వడం కూడా ఒక మార్గమని ఆమెకు చెప్పినవాళ్లు అరుదు. దూరం, దగ్గర రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్స్ వెలుగును పంచి పని చేస్తుంది, అందుకే రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. రాత్రుళ్లు లారీ నడిపేవాళ్లకు, రెటీనా నడిబొడ్డు దెబ్బతిన్నవాళ్లకు, నీటికాసులు ముదిరినవాళ్లకు అది నప్పదు. ఎంత ఖరీదు పెట్టినా వాళ్లకు మామూలు లెన్సే మేలు.

వయసు అయిపోయింది, ఇప్పుడెందుకు అన్న మాటకూ జవాబు ఉంది. ఇంగ్లండ్‌లో 70 దాటిన ఆడవాళ్ల మీద జరిగిన పరిశోధన 2005లో వచ్చింది. వెంటనే ఆపరేషన్ అయినవాళ్లు, వరుసలో ఎదురుచూసినవాళ్ల కంటే 34 శాతం తక్కువగా కింద పడ్డారు. ముసలితనంలో కింద పడటమంటే తుంటి ఎముక, మంచం, ఇంకొకరి కూలి పోవడం. కెన్యా, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్‌లలో చేసిన మరో అధ్యయనంలో, ఆపరేషన్ జరిగిన ఏడాదికి ఆ ఇళ్ల తలసరి ఖర్చు స్తోమత పెరిగింది. ఇక చీము పడుతుందన్న భయం. ఆ ప్రమాదం నిజం, కానీ దాన్ని తగ్గించే దారులు తెలిసినవే. అరవింద్ ఆసుపత్రుల్లో ఆరు లక్షలకు పైగా ఆపరేషన్ల లెక్క తీస్తే, చివర్లో కంటిలోపల మోక్సిఫ్లాక్సాసిన్ మందు వేసినప్పుడు లోపలి చీము పట్టే రేటు 0.07 శాతం నుంచి 0.02 శాతానికి దిగింది. కంటి మూలలో నీరు, చీము కారే నీటిసంచి జబ్బు ఉన్నవాళ్లకు ముందు దాన్నే సరిచేయాలి. ఆ చీముతోనే శుక్లం తీస్తే సూక్ష్మజీవులు కంటిలోపలికి పోతాయి. ఆపరేషన్ రోజు వాయిదా పడిందని నొచ్చుకునే ఇంటివాళ్లు, ఆ వాయిదా చూపును కాపాడిందని తెలుసుకోవాలి.

కార్నియా: కోయడానికి ఎంత మిగిలుంది

అద్దాలు వదిలించుకునే లాసిక్ ఆపరేషన్ ప్రశ్న ఇప్పుడు బిచ్కుందలో కూడా వినిపిస్తుంది. పోలీసు కొలువుకు తయారయ్యే కుర్రాళ్ల నుంచి, పెళ్ళి మాటలు నడుస్తున్న ఇళ్ల నుంచి. దీని మూలం ఐబీఎం ప్రయోగశాలలో ఉంది. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, తన సహచరులతో కలిసి, 1981లో పండగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం మీద ఎక్సైమర్ లేజర్ ప్రయోగించి, చుట్టూ కాల్చకుండా అతి సన్నగా కణజాలాన్ని తీసేయవచ్చని చూపించాడు. తర్వాత పదేళ్లలోపే అది కార్నియాను చెక్కే వైద్యమైంది. కార్నియా నడిమి మందం సగటున 540 మైక్రాన్లు. లాసిక్‌లో పైన సుమారు 110 మైక్రాన్ల రేకు లేపి, కింద ఒక్కో నంబరుకు పన్నెండు నుంచి పద్నాలుగు మైక్రాన్లు చెక్కుతారు. మైనస్ 4 ఉన్న మామూలు కార్నియాకు 370కి పైగా మిగులుతుంది, నిశ్చింత. అదే 490 మైక్రాన్ల కార్నియాకు మైనస్ 8 తీసేస్తే రేకు కింద మిగిలేది 270 దరిదాపులు. కనీసం 250 అని పాత నియమం, 300 ఉంటే మంచిదని ఇప్పటి జాగ్రత్త. ఆ కన్ను ఒత్తిడికి ముందుకు ఉబ్బితే మళ్లీ అద్దాలతో కూడా సరిచేయలేని చూపు మిగులుతుంది. అలాంటివారికి కార్నియాను ముట్టుకోకుండా కంటిపాప వెనక అమర్చే ఐసీఎల్ లెన్స్ నప్పవచ్చు, లేదా అద్దాలే నప్పుతాయి.

లాసిక్ కోరేవాళ్లకు 18 ఏళ్లు నిండాలి, ఏడాది పాటు నంబరు మారకుండా ఉండాలి, కార్నియా పటం తీసి అది సూదిగా మారే కెరటోకోనస్ లేదని తేలాలి. కళ్లు బాగా పొడిబారేవాళ్లు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. నలభై దాటాక వచ్చే చదువు అద్దాలను ఇది ఆపదు. కొన్ని కొలువుల వైద్య నిబంధనలు లాసిక్ అయిన కంటికి షరతులు పెడతాయి, అవి ముందే చదువుకోవాలి. కెరటోకోనస్ బయటపడి పెరుగుతున్న కుర్రాళ్లకు లాసిక్ ఎంత చేటో, రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరిచే వైద్యం అంత మేలు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపొందిన ఆ పద్ధతి ఉబ్బును ఆపుతుంది, పోయిన వంపును పూర్తిగా తిరిగి తేలేదు. కాబట్టి అద్దాల నంబరు ఏటా మారుతూ, కళ్లు తెగ రుద్దుకునే పిల్లలను త్వరగా చూపించడమే అసలు వైద్యం.

ఎండలో, దుమ్ములో పని చేసేవాళ్లకు తెల్లగుడ్డు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరుగుతుంది. చిన్నగా ఉండి కదలకుండా ఉంటే దాన్ని వదిలేయడమే మంచిది. పాప వైపు పాకుతుంటే, వంపు తెచ్చి చూపు చెడుపుతుంటే తీసేయాలి. ఊరికే కోసి వదిలేస్తే మళ్లీ పెరిగే అవకాశం చాలా ఎక్కువ. తీసిన చోట అదే కంటి పైపొర ముక్క అతికించే పద్ధతిలో అది బాగా తగ్గుతుంది. వరి ఆకు, కంది కొమ్మ తగిలి కార్నియాకు పుండు పడితే మాత్రం తక్షణం వైద్యం కావాలి. ఫంగస్ పుండుకు మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం నిప్పు మీద నూనె పోయడమే. ఆ పుండ్లు మానాక మిగిలే తెల్లమచ్చలకే కార్నియా మార్పిడి అవసరమవుతుంది.

కార్నియా మార్పిడి తొలిసారి ఫలించింది 1905లో, ఓలోముత్స్‌లో ఎడువర్డ్ త్సిర్మ్ చేతుల్లో, సున్నంతో కళ్లు పోగొట్టుకున్న ఒక కూలి మీద. మన తాంబూలాల సున్నం పొట్లాలు పిల్లల కళ్ళలో పడటం ఇప్పటికీ జరుగుతున్నందున ఆ సంగతి మనకు దగ్గరిదే. కంట్లో సున్నం పడితే ముందు ధారాళంగా కనీసం పావుగంటకు పైగా నీళ్లతో కడగాలి, దారిలో కూడా ఆపకూడదు. సున్నం కాల్చిన కన్ను, కార్నియా మార్పిడి అందరికీ ఒకటి కాదని చెప్పే మంచి ఉదాహరణ. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతే, కొత్త కార్నియా పెట్టినా దానిమీద పొర నిలవదు, మళ్లీ తెల్లబడుతుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రిలో వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ప్రకటించిన స్లెట్ పద్ధతిలో, బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని చిన్నచిన్నగా కోసి దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి పొర సాయంతో పరుస్తారు. ఉపరితలం కుదుటపడ్డాకే, అవసరమైతే, కార్నియా మార్పిడి. వరుస తప్పితే దానం చేసిన కన్ను వృథా అవుతుంది. కార్నియా లోపలి పొర ఒక్కటే చెడినవాళ్లకు ఆ పొర మాత్రమే మార్చే డీసెక్, డీమెక్ పద్ధతులున్నాయి, మొత్తం కార్నియా మార్చనక్కర్లేదు. ఏదైనా, అతికించిన కణజాలాన్ని శరీరం తిరస్కరించే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. కన్ను ఎర్రబడి మసకబారిన రోజే ఆసుపత్రికి రాలేనివాళ్లకు ఈ ఆపరేషన్ ఎంతో ముందాలోచనతో చేయాలి.

నీటికాసులు, షుగరు: మళ్లీ రాగలరా

తిరిగి రాగలగడం వైద్యంలో ఎంత పెద్ద భాగమో నీటికాసులు, షుగరు కళ్ళలో స్పష్టంగా కనిపిస్తుంది. కంటిలోపల నీరు నిరంతరం ఊరి, నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. తూము పూడిన చెరువులా ఒత్తిడి పెరిగితే చూపు నరం నలిగిపోతుంది. పోయిన చూపును ఏ ఆపరేషన్ తిరిగి తేలేదు. 1968లో కేంబ్రిడ్జ్ డాక్టర్ జాన్ కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీ కొత్త దారి తెరిచి ఒత్తిడి దించుతుంది, అంతే. ఆపరేషన్ అయినా చూపు రాలేదని నిరాశపడేవాళ్లు, ఉన్న చూపు మిగలడమే విజయమని ముందే వినాలి. రోజూ చుక్కలు వేసుకుంటూ క్రమం తప్పకుండా చూపించుకోగలిగితే చాలామందికి మందులు చాలు. దుకాణం దూరమై, చుక్కలు ఆగిపోతూ ఉంటే, లేజర్ గానీ ఆపరేషన్ గానీ ముందుకు జరపడం సబబు. కోణం మూసుకుపోయే రకానికి కంటి పొరలో లేజర్‌తో చిన్న రంధ్రం చేస్తారు. అక్కడే శుక్లం కూడా ఉంటే, కటకం తీయడమే ఒత్తిడికి కూడా మందవుతుంది.

షుగరు వల్ల రెటీనాలో పిచ్చి రక్తనాళాలు మొలిస్తే రెండు వైద్యాలు చెబుతారు. రెటీనా అంచుల్లో లేజర్ కాల్పులు ఒకటి, కంటిలోకి నెలనెలా ఇచ్చే ఇంజెక్షన్లు ఇంకొకటి. 2015లో అమెరికా పరిశోధనలో, క్రమం తప్పకుండా వచ్చిన రోగుల్లో ఇంజెక్షన్లు లేజర్ కంటే తక్కువ కావని తేలింది. అందుకని ఇంజెక్షనే కొత్తది, మంచిది అనుకోవచ్చు. కానీ 2019లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన లెక్క, వైద్యం మొదలుపెట్టి ఆరు నెలలకు పైగా రాకుండా పోయినవాళ్లది. ఇంజెక్షన్లు తీసుకున్న 30 కళ్ళలో 10 కళ్ళ రెటీనా లాగబడి ఊడింది. లేజర్ అయిన 46 కళ్ళలో ఒక్కటే అలా అయింది. ఇంజెక్షన్ పనితనం కొన్ని వారాల్లో అయిపోతుంది, లేజర్ పని నిలిచి ఉంటుంది. రోజూ నిజామాబాద్‌లో పని ఉన్న ఉద్యోగికి, రోజు కూలి మానుకుని రెండు బస్సులు మారాల్సిన అవ్వకు ఒకే జబ్బు ఉన్నా ఒకే వైద్యం నప్పదు. రక్తం నిండి, రెటీనా లాగబడితే కంటి లోపలి జెల్లీని తీసే విట్రెక్టమీ చేస్తారు. షుగరు ఉన్నవాళ్లకు శుక్లం తీయకూడదన్నది తప్పు. షుగరు అదుపులో ఉంచి, ముందు రెటీనా చూసి తీయవచ్చు. కానీ కంటిముందు మెరుపులు, నల్లచుక్కల వాన, పక్కనుంచి తెర దిగినట్టు అనిపిస్తే అది మరుసటి వారం చూసుకునే సంగతి కాదు. రెటీనా నడిబొడ్డు ఊడకముందే, వీలైతే ఒకటి రెండు రోజుల్లో, ఆపరేషన్ గదికి చేరాలి.

పిల్లల సంగతి క్లుప్తంగా. నెలలు నిండకుండా 34 వారాల లోపు, లేదా రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన శిశువుకు ముప్పై రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి, సమయానికి లేజర్ చేస్తే చూపు మిగులుతుంది. పుట్టు శుక్లం, మెల్లకన్ను పెద్దయ్యాక చేయిద్దామని ఆగితే మెదడు ఆ కంటిని వాడటం నేర్చుకోదు, తర్వాత ఎంత చక్కగా ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా రాదు.

నిర్ణయం ఎవరిది

ఇవన్నీ డాక్టరు చూసుకోవాల్సినవి, రోగికి ఎందుకు అన్నది చివరి అభ్యంతరం. నిజమే, కంటి పొడవు కొలిచేది, కార్నియా పటం చదివేది డాక్టరే. కానీ ఆమె బీడీలు చుడుతుందని, ఆయన రాత్రి లారీ నడుపుతాడని, వాళ్లింట్లో ఆసుపత్రికి తోడొచ్చేవాళ్లు లేరని ఆ యంత్రాలు చెప్పవు. ఆ సమాచారం రోగి దగ్గరే ఉంది, అడిగితేనే వస్తుంది. అందుకే ఆపరేషన్ ఖాయం చేసుకునే ముందు అడగాల్సినవి ఇవి: నా కంటిలో చెడింది ఏ భాగం, రెటీనా, నరం బాగున్నాయా? దీనివల్ల ఎంత చూపు రావచ్చు, రాకపోవచ్చు? తర్వాత ఎన్నిసార్లు, ఎక్కడికి రావాలి? చెయ్యకుండా ఆగితే ఏమవుతుంది? వీటికి తిన్నగా జవాబు చెప్పే చోటు ఉచిత శిబిరమైనా మంచిదే, చెప్పని చోటు అద్దాల మేడైనా అనుమానించదగ్గదే.

తిరిగి రావడం మనిషి బాధ్యతే కాదు, వ్యవస్థ అల్లిక కూడా. గోదావరికి ఆవలి ముధోల్‌లో 1996లో ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి పల్లె కంటి కేంద్రం తెరిచింది. ఆ ఆసుపత్రి లెక్క ప్రకారం 50 వేల జనాభాకు ఒక చిన్న దృష్టి కేంద్రం, ఐదు లక్షలకు ఆపరేషన్ చేసే కేంద్రం, క్లిష్టమైనవాటికి పెద్దాసుపత్రి ఉండాలి. ఆపరేషన్ దూరంగా జరిగినా, తర్వాతి పరీక్ష, అద్దాలు, కంటి ఒత్తిడి కొలత దగ్గర్లోనే దొరకడం ఆ అమరికలోని కీలకం. 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్లు చూసింది, 2023లో మళ్లీ జరిగింది. అద్దాలు ఒక్క శిబిరంలో ఇచ్చి ముగించవచ్చు. నీటికాసుల కంటిని, షుగరు కంటిని, మార్పిడి అయిన కార్నియాను ఒక్క శిబిరంతో ముగించలేం. ప్రపంచ ఆరోగ్య సభ 2021లో ఆపరేషన్ల సంఖ్యకు బదులు, శుక్లం ఆపరేషన్ అవసరమైనవారిలో అది జరిగి సరైన చూపు వచ్చినవారి వాటాను లక్ష్యంగా పెట్టుకుంది, 2030 నాటికి దాన్ని 30 శాతం పాయింట్లు పెంచాలని. బిచ్కుంద మండలంలో కూడా ఏటా ఎన్ని ఆపరేషన్లు అయ్యాయని కాకుండా, ఆరు వారాల తర్వాత ఎంతమంది తమ పని తాము చూసి చేసుకుంటున్నారని లెక్క రాస్తే, ఏ కంటికి ఏ ఆపరేషన్ అన్న ప్రశ్నకు ఆసుపత్రులే జాగ్రత్తగా జవాబు వెతుక్కోవాల్సి వస్తుంది.